ఒడ్డున ఒకటే గొంతు

చిరంజీవి కోడలికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాసి, ఆ ‘అందరం’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. వంటింటి కిటికీలో గూడు పెట్టిన పిట్టనీ, దాని పిల్లల్నీ కలుపుకుంటే అందరమే అవుతాం. కాబట్టి అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కా, బావగారూ, వాళ్ళ పాపా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. లాడ్జిలో దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద పెట్టుకుని చదువుతుంటే మేనేజరు వచ్చాడు. “ఏంటండీ, పని మానేసి ప్రేమలేఖలా?” అన్నాడు. “అవును, మా కోడలు రాసింది” అన్నాను. నవ్వు ఆపేసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో ఆ రోజు నేను నిన్నన్న మాటలు విన్నవాళ్ళలో అతనూ ఉన్నాడు కదా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. నా చదువు నీకు తెలుసు, ఒక వరసలో రాయడం నాకు రాదు. నోటితో చెప్పినట్టే రాస్తాను, నువ్వు కూడా నేను ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే చదువుకో. నువ్వు అడిగినదొకటి మాత్రం చివరికి ఉంచుకున్నాను. అదేమిటో నీకు తెలుసు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మందు రాస్తున్నాను. మెట్లెక్కేటప్పుడు అది నన్ను తిడుతుంది, దిగేటప్పుడు దాన్ని నేను తిడతాను. మా ఇద్దరికీ రోజు గడిచిపోతోంది.

వంటిల్లు కారుతోందా అన్నావు. కారడం లేదు. పీత వచ్చి రేకు మార్చి తారు పూశాడు. నీ మొగుడికి స్నేహితుడన్న పేరే గానీ, వాడు పోయాక పడవల షెడ్డూ, ఈ ఇంటి మరమ్మతులూ రెండూ పీత నెత్తినే పడ్డాయి. నిచ్చెన మీద కూడా పక్కకి పక్కకే ఎక్కాడు. “నిచ్చెన మీదైనా తిన్నగా ఎక్కరా” అన్నాను. “తిన్నగా ఎక్కితే నాకీ పేరెందుకు పెడతారు పిన్నీ” అన్నాడు. కిందికి దిగాక మంచినీళ్ళు తాగి, నీ గది తలుపు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

నీ నీలం జాకెట్టు పంపమన్నావు. ఈ ఉత్తరం వెనకే పార్శిలు వస్తుంది. ఉతికి నీడలో ఆరేశాను. ఉప్పు వాసన పోలేదు. మళ్ళీ ఉతికాను, అయినా పోలేదు. అది పోవాలని నీకుందో లేదో తెలియక అంతటితో వదిలేశాను.

ఈత కొలను దగ్గర చీటీలు చించి ఇచ్చే పని దొరికిందని రాశావు. పక్కనే నీళ్ళున్నా దిగే అవసరం లేదు, సుఖంగా ఉంది అన్నావు. ‘సుఖం’ అన్న మాట రాసేటప్పుడు నీ పెన్ను ఎంత గట్టిగా నొక్కావో, కాగితం తిరగేస్తే నా వేలికి తగిలింది. పడవలు అమ్మేయమన్నావు. పసుపుపచ్చ కయాక్‌కి ఒకాయన బేరానికి వచ్చాడు కూడా. పీత దాని మీద చెయ్యి వేసి నిలబడి “ఇది అమ్మరండీ” అని పంపేశాడు. నన్ను అడగలేదు. అడిగినా నేను అదే చెప్పేదాన్ని. “ఇక జన్మలో ఎవరికీ ‘వెళ్ళు’ అనే మాట చెప్పను అత్తయ్యా” అని రాశావే, ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇప్పుడొక కబురు చెబుతాను, నవ్వుకో. నేను కయాక్ ఎక్కాను.

నిజమే. నీ ఉత్తరం వచ్చాక షెడ్డుకి వెళ్ళి పీతని అడిగాను. వాడు తాడు చుడుతున్నవాడల్లా ఆపేశాడు.

“మీ వయసేంటి పిన్నీ, ఆ మోకాలేంటి, ఆ అలలేంటి?”

“వయసుతో తెడ్డు వేస్తారేమిట్రా, చేతులతో కదా.”

“ఎందుకు పిన్నీ ఇప్పుడు?”

“మావాడు రోజూ ఏం చూసేవాడో ఒక్కసారి చూడాలి.”

 ఇద్దరు కూర్చునే పొడుగు కయాక్ దించాడు. నువ్వు నీళ్ళలో దిగేటప్పుడు వేసుకునే ప్యాంటు వేసుకోబోయాను. మోకాళ్ళ దాకా మర్యాదగా వచ్చింది, ఆ పైన నా మాట వినలేదు. చివరికి పీత పాత నిక్కరు బిగించుకుని, లైఫ్ జాకెట్టు, హెల్మెట్టు పెట్టుకుని బయటికొచ్చాను. లాడ్జి గది నుంచి ఎవరో ఫోటో తీశారు. తియ్యనీ.

తడి ఇసుక మీద పడవ ముక్కు సముద్రం వైపు పెట్టి నన్ను ముందు కూర్చోబెట్టాడు. నడుముకి రబ్బరు గుడ్డ కట్టి, దాని అంచు పడవ నోటి చుట్టూ బిగించాడు. ఆ గుడ్డలు నేను ఎన్నిసార్లు ఉప్పు పోయేదాకా ఉతికానో. కట్టుకుని కూర్చుంటే మాత్రం నడుము కింద నేను లేను, పడవే ఉంది అనిపించింది. “ముందున్న ఈ పట్టీ బయటే ఉండాలి పిన్నీ. తిరగబడితే దీన్ని లాగండి, ఊడి పైకి వస్తారు” అని నా చేత రెండుసార్లు లాగించి చూసి, వెనక తన చోట కూర్చున్నాడు.

కూర్చున్నాక కదలడు. పెద్ద అలలు ఒక గుంపుగా వస్తాయనీ, ఆ తర్వాత సముద్రం కాస్త ఊపిరి పీల్చుకుంటుందనీ, ఆ ఖాళీలోనే పడవ దాటాలనీ వాడు చెప్పకుండానే నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఇంట్లో మీ ముగ్గురి మాటలూ అవే కదా. నాకేమో అన్ని అలలూ ఒకలాగే ఉన్నాయి. ఒకటి చిన్నగా కనిపిస్తే “ఇదిగో, పద” అన్నాను.

“నోరు మూసుకోండి పిన్నీ. పడవ నీళ్ళలో ఉన్నంతసేపు ఒకటే గొంతు.”

మూసుకున్నాను. ఆ మాట అంతకుముందు ఎవరి నోట విన్నానో ఇంకాస్త కింద రాస్తాను.

తర్వాత వెనకనుంచి “ఊఁ, పదండి” అన్నాడు. ఇద్దరం ఇసుకలో చేతులు గుద్ది పడవని ముందుకి జరుపుకున్నాం. నీళ్ళు కిందికొచ్చి ఎత్తేశాయి. మొదటి నురగ మొహాన పడింది. “ముందుకి వంగండి, నురగలోకి తెడ్డు పొడవండి” అంటున్నాడు. పొడిచాను. రెండో అల ముందుకొచ్చి నిలబడింది. అమ్మాయీ, ఒడ్డు నుంచి చూస్తే అది నడుమెత్తు అల. లోపల కూర్చుంటే గోడ. పడవ ముక్కు లేచిపోయి ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. నాకు భయమేసి తెడ్డు ఆపాను. ఎంతసేపు? అమ్మో అన్నంతసేపు. అంతే. ఆ కాసేపట్లోనే పడవ ముక్కు పక్కకి తిరిగిపోయింది, అల మా డొక్క మీదికి వచ్చింది.

“తెడ్డు ఆపకు” అని అరిచాడు పీత. ఎప్పుడూ మీరు అనేవాడు, నువ్వు అన్నాడు.

వాడి బలంతోనే పడవ మళ్ళీ తిన్ననయింది. దాటేశాం. అవతల అంతా నున్నగా ఉంది. నీళ్ళు మమ్మల్ని మెల్లగా ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. ఒడ్డు చిన్నదైపోయింది. లాడ్జి డాబా మీద నేను ఆరేసిన దుప్పట్లు చేతి రుమాళ్ళంత కనిపించాయి. నీ మొగుడు రోజూ ముందు ఒక్కడే దాటి వచ్చి ఇక్కడే కూర్చునేవాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే నువ్వు ఒడ్డు నుంచి పంపితే ఇక్కడ అందుకునేవాడు. ఎంత ప్రశాంతంగా ఉండేదో వాడికి. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడు అడిగాను గనక.

రాళ్ళ గట్టు మీద గాలం వేసుకుంటున్న ముసలాయన దగ్గితే నా చెవి పక్కన దగ్గినట్టు వినిపించింది. ఇసుక మీద ఎవరో చేతులు ఊపుతూ నోరంతా తెరిచి అరుస్తున్నారు, అది మాత్రం ఒక్క ముక్క వినిపించలేదు. పీత అన్నాడు: “అంతే పిన్నీ. రాళ్ళ మీది మాట ఇక్కడికి వస్తుంది. ఇసుక మీది మాటని విరిగే అలలు తినేస్తాయి. అందుకే ఆవిడ పడవ వదిలేదాకా నోటితో చెప్పి, వదిలాక చెయ్యెత్తి చూపించేది.” ఆవిడంటే నువ్వు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక అల మా వెనకభాగాన్ని ఎత్తుకుంది. వెనక్కి వాలమన్నాడు, వాలాను. దాంతో పడవ పరుగెత్తింది. ఎవరో సముద్రం అంచు పట్టుకుని దులుపుతుంటే దాని మీద జారినట్టు వచ్చాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నవ్వుతున్నాను. గట్టిగా. చివర్లో పడవ అడ్డం తిరిగింది. “అల వైపు వాలండి, ఒడ్డు వైపు కాదు” అని వాడు తెడ్డు నురగ మీద ఆనించాడు. పక్కవాటుగా జారి ఇసుకలో ఆగాం. నేను బయటికి దొర్లి, నోట్లో ఇసుకతో ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

అప్పుడు ఎక్కడ పడున్నానో చూశాను. ఆ రోజు నీ మొగుణ్ణి తెచ్చి పడుకోబెట్టిన చోటికి నాలుగడుగుల్లో ఉన్నాను.

కొడుకు పోయిన నీళ్ళలో నవ్విన తల్లిని. ఈ సిగ్గు చాలదూ ఒక మనిషికి అనుకున్నాను. చాలదు, నా దగ్గర ఇంతకంటే పెద్దది ఉంది. పీత చెయ్యి ఇచ్చి లేపుతూ “బాగుందా పిన్నీ?” అంటే, వాడి మొహం చూడలేక హెల్మెట్టు బకిల్ ఊడటం లేదన్నట్టు నటించాను.

ఇక నువ్వు అడిగిన మాటకి వస్తాను. నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, నేను తప్పించుకోకుండా. “అత్తయ్యా, ఆ రోజు మీరు రాళ్ళ మీద నుంచి పరిగెత్తుకొచ్చారని పీత చెప్పాడు. పైనుంచి అంతా కనిపించి ఉంటుంది కదా. నేను తప్పు అలకి పంపానా? ఆయన మధ్యలో ఆగి, తెడ్డు ఎత్తి, నా వైపు చూపించారు. ఎందుకు చూపించారు? ‘చూడు, ఎలాంటి అలకి పంపావో’ అనేనా? ఎంత చేదైనా నిజం చెప్పండి. మీరే చెప్పగలరు.”

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఆ తెడ్డు ఎందుకెత్తాడో చెబుతాను.

అంతకు ముందురోజు సంగతి నీకు గుర్తుందో లేదో. వాడు టోపీ మరిచిపోయాడని నేను ఇసుక మీదికొచ్చి వాడిని గట్టిగా పిలిచాను. నువ్వు ఎవరో ఒకమ్మాయి పడవ పట్టుకుని ఉన్నావు. వెనక్కి తిరిగి “అత్తయ్యా, పడవ నీళ్ళలో ఉన్నప్పుడు ఒడ్డున ఒకటే గొంతు ఉండాలి. దయచేసి” అన్నావు. మెల్లగానే అన్నావు. తప్పేమీ లేదు. వాడు కూడా ఆ మాట నాకు ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాడు. కానీ అక్కడ బయటివాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ ‘దయచేసి’ నాకు చెంపదెబ్బ తగిలినట్టు తగిలింది. వీడికి నడవడం నేర్పినదాన్ని నేను, ఇవాళ వీడి వెనకాల నా నోరు నేను మూసుకోవాలా అనుకున్నాను. ఆ ఒకటే గొంతు నీది కావడం, అదే నాకు మింగుడు పడలేదు. ఆ పూటనుంచి నీతో మాట్లాడలేదు. నువ్వు తలనొప్పేమో అనుకున్నావు, మాత్ర తెచ్చి పెట్టావు. ఆ మాత్ర కూడా వేసుకోలేదు.

మర్నాడు నిజంగానే తలనొప్పి వచ్చింది. మేనేజరుకి చెప్పి లాడ్జి నుంచి తొందరగా వచ్చేశాను. గుమ్మం ముందుకొచ్చాక చూసుకుంటే నా తాళంచెవి లోపలే ఉండిపోయింది. వాడి దగ్గర ఒకటుంది, నీ దగ్గర ఒకటుంది. నువ్వు నడుముకి కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకుంటావని నాకు తెలుసు. ఒడ్డుకి వచ్చాను. నువ్వు తుంటి లోతు నీళ్ళలో వాడి పడవ వెనక పట్టుకుని అలలు చూస్తున్నావు. కాసేపు ఆగితే చాలు, పడవ వదిలాక నిన్ను అడిగి తాళంచెవి తీసుకుని ఇంటికెళ్ళి పడుకునేదాన్ని.

అడగబుద్ధి కాలేదు. అంతే అమ్మాయీ. ఇంకే కారణమూ లేదు. నిన్ను తాళంచెవి అడగడం ఇష్టం లేక నేను రాళ్ళెక్కాను.

గట్టు చివరికి వెళ్ళేసరికి నువ్వు ‘వెళ్ళు’ అన్నావు. వాడు మొదటి అల దాటాడు. రెండోది దాటాడు. ఇంకో చిన్నది ఉంది, దాని వెనక నున్నటి నీళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అప్పుడు పిలిచాను. “ఒరే నాన్నా” అని.

వేరే ఎవరు పిలిచినా వాడు తిరిగేవాడు కాదు. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నాడు ఆ పని. నా గొంతు కాబట్టి తిరిగాడు. ఏదో ఉపద్రవం వచ్చిందనుకుని ఉంటాడు. తెడ్డు ఆపి, నడుము తిప్పి నా వైపు చూశాడు. పడవ కూడా వాడితోపాటే నా వైపు తిరిగింది.

“తాళంచెవి ఏదిరా?” అన్నాను.

అప్పుడు తెడ్డు ఎత్తాడు. ఎత్తి నీ వైపు చూపించాడు. ఆమెని అడుగమ్మా, అక్కడే ఉంది కదా, అని. నువ్వు అలల సంగతి చెబుతున్నాడనుకున్నావు. కాదు. నీ దగ్గర తాళంచెవి ఉందని నాకు చెప్పాడు. నీ మీద ఏ నిందా లేదు ఆ తెడ్డులో.

నేను అడ్డంగా తలూపాను. అడగనని. వాడికి అర్థమైంది. మళ్ళీ మొదలుపెట్టారా మీ ఇద్దరూ అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు నువ్వు చూసి ఉండవు, నాకే కనిపించింది. ఆ తర్వాత జేబు తడుముకోవడానికి జాకెట్టు కిందికి చెయ్యి పెట్టాడు.

వాడు అలా పక్కకి తిరిగి, ఒంటి చేత్తో తెడ్డు పట్టుకుని ఉండగా సముద్రం ఊపిరి పీల్చుకోవడం అయిపోయింది. తర్వాత గుంపులో మొదటిది వచ్చింది. ఆ తర్వాతది నువ్వూ చూశావు, నేనూ చూశాను. అది రాయను.

ఇది ఒక్కటే అయితే నేను ఎప్పుడో చెప్పేదాన్నేమో. ఇంకొకటుంది. వాడు నా గొంతు విని తిరిగినప్పుడు నాకు సంతోషం వేసింది. తలనొప్పి ఎటు పోయిందో. చూశావా, నీ చెయ్యి అటు చూపిస్తున్నా నా పిలుపుకి ఇటు తిరిగాడు అనుకున్నాను. రాళ్ళ మీద నిలబడి నీ వైపు చూశాను కూడా, నువ్వు చూస్తున్నావా అని. నా కొడుకు ఆఖరిసారి నా వైపు చూసినప్పుడు నేను చూస్తున్నది వాణ్ణి కాదు, నిన్ను.

ఆసుపత్రి వరండాలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే నేను మొదలుపెట్టాను. “నువ్వే పంపావు. వెళ్ళు అన్నది నువ్వే. నా కొడుకుని నెట్టిన చేతులు ఇవే” అని నీ మణికట్లు పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాను. నీ జాకెట్టు నుంచి ఉప్పునీళ్ళు ఆ తెల్లటి గచ్చు మీద కారుతున్నాయి. నువ్వు “అవునత్తయ్యా” అన్నావు. కాదని ఒక్కమాట అని ఉంటే నేను అక్కడే కూలిపోయి ఉన్నదంతా చెప్పేసేదాన్ని. అవునన్నావు. నువ్వు అవునన్నాక నాకు దారి సుఖమైపోయింది. ఇన్నాళ్ళూ ఆ దారినే నడిచాను. నర్సు ఇచ్చిన సంచిలో వాడి తాళంచెవి ఉంటే, దాంతోనే తలుపు తీసుకుని లోపలికెళ్ళాను.

తర్వాత మనసుకి ఎన్ని సర్దిచెప్పుకున్నానో. ఒక్కమాటకి ఆగినంత మాత్రాన పడవ తిరగబడుతుందా, మహా సముద్రం అది, ఎప్పుడు ఎవరిని తీసుకోవాలో దానికి తెలుసు, మనదేముంది అని. పడవెక్కింది అందుకే. ఒక్కమాట సేపు ఆగితే ఏమవుతుందో చూద్దామని, ఏమీ కాదని తేలితే బాగుండునని. నువ్వు నవ్వుకుంటావని పైన రాశానే, ఆ కబురు వెనక ఉన్న సంగతి ఇది. భయమేసి ఆగానని పైన రాశాను గానీ కావాలనే ఆగాను, అమ్మో అన్నంతసేపు, పడవ అడ్డం తిరిగింది. తెడ్డు ఆపకు అని అరవడానికి నా వెనక పీత ఉన్నాడు. నా కొడుకు వెనక ఎవరూ లేరు. ఎదురుగా నేనున్నాను.

ఈ సంగతి ముందు నీకు రాద్దామనుకున్నాను. రాస్తే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. “జరిగిందేదో జరిగింది, ఎవరికీ చెప్పకండి అత్తయ్యా” అని వెంటనే రాస్తావు. నేను ఆ ఉత్తరం కళ్ళకద్దుకుని, నీ మంచితనం చాటున దాక్కుని బతికేస్తాను. అందుకని నిన్న పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. వాడిని మోసుకొచ్చిన గజ ఈతగాళ్ళు ఇద్దరున్నారు, మేనేజరుని నేనే రమ్మన్నాను, పీత ఎలాగూ ఉన్నాడు. ఆసుపత్రిలో నేను నీ చేతులెత్తి చూపించినప్పుడు ఎవరెవరున్నారో వాళ్ళందరి ముందూ చెప్పాను. నీకు రాసినట్టే, తాళంచెవితో సహా. సంతోషం వేసిందన్నది కూడా.

మేనేజరు నా వైపు చూడలేదు. ఒక ఈతగాడు కుర్చీ తెచ్చి వేశాడు, నేను కూర్చోలేదు. పీత చుడుతున్న తాడు పూర్తిగా చుట్టి, కొక్కేనికి తగిలించి, అప్పుడు మాట్లాడాడు.

“ఆ రోజు ఆమె ఏం చేసిందో తెలుసా పిన్నీ? మిమ్మల్ని ఇంటికి పంపాక తిరిగి ఇక్కడికొచ్చింది. ఇసుక మీద కూర్చుని అలలు లెక్కపెట్టింది. ‘ఖాళీ సరిపోతుంది కదా, సరిపోతుంది కదా’ అని నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను. నేను షెడ్డులో హెల్మెట్లు పంచుతున్నాను, చూడలేదు. చూసినవాళ్ళు మీరొక్కరే.”

నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

“మీకు నీళ్ళలో భయమేసి తెడ్డు ఆపారనుకున్నాను. ఇందుకా ఎక్కారు” అన్నాడు. ఆ తర్వాత పిన్నీ అనలేదు. పడవ ఒకటి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ మధ్యాహ్నం మాత్రం లాడ్జి వెనక కిటికీ దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా, “ఆమెకి ఉత్తరం రాస్తారుగా. రమ్మని రాయండి” అన్నాడు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారట, ఒడ్డున నిలబడి పంపేవాళ్ళు లేక వాడు వాళ్ళని వెనక్కి పంపుతున్నాడట. “నేను రాయనురా” అన్నాను. ఎందుకని అడగకుండానే వెళ్ళిపోయాడు. నీకు చెబుతాను.

ముందు నీ ప్రశ్నకి జవాబు, ఇంకెవరూ చెప్పలేనిది, తిన్నగా రాస్తాను. నువ్వు వాణ్ణి పంపింది సరైన అలకే. రాళ్ళ మీద నిలబడి నా కళ్ళతో చూశాను. ఖాళీ సరిపోయేంత ఉంది, ఇంకా మిగిలేంత ఉంది. నిన్ను నమ్మాడు కాబట్టే వాడు నవ్వుతూ ఆగాడు. నీ లెక్క తప్పలేదు. నీ చేతులు ఏ తప్పూ చేయలేదు. నేను పట్టుకుని పైకెత్తిన ఆ రెండు చేతులూ.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు కాదనలేవు, అది మళ్ళీ నీ మెడకి నేను వేసే ఉచ్చే అవుతుంది. జవాబు రాయాలనీ లేదు. ఈ ఇంటి తాళంచెవి ఒకటి నీ దగ్గరే ఉంది. ఇల్లు నీది, పడవలు నీవి, ఆ ఒడ్డు కూడా నీదే అనుకుంటాను.

రావాలనిపిస్తే నీ అంతట నువ్వు రా అమ్మాయీ. రమ్మని నేను పిలవను. ఒకసారి పిలిచాను, చాలు.

ఇట్లు,
వాడి అమ్మ,
నీ అత్త.